చేతికి తెలిసినది జ్ఞానమేనా?

బ్రహ్మసూత్ర భాష్యంలో, సమన్వయాధికరణం దగ్గర, శంకరాచార్యులు కర్మకూ జ్ఞానానికీ మధ్య ఒక గీత గీశారు. కర్మ పురుషతంత్రం: చేయవచ్చు, మానవచ్చు, మరోలా చేయవచ్చు. జ్ఞానం వస్తుతంత్రం: వస్తువు ఎలా ఉందో అలాగే తెలియాలి, మన ఇష్టాయిష్టాలతో దానికి పని లేదు. ఇందుకు ఆయన ఎంచుకున్న ఉదాహరణ నిప్పు. పురుషుణ్ణి అగ్నిగా భావించి ఉపాసించడం విధిని బట్టి చేసే మానసిక క్రియ. ఎదుట ఉన్న నిప్పును నిప్పుగా గుర్తించడం మాత్రం ఎవరి ఆజ్ఞ వల్లా వచ్చేది కాదు. ఆయన మాట్లాడింది మోక్షాన్నిచ్చే జ్ఞానం గురించి. మన చదువుల్లో మాత్రం ఇలాంటి గీతే మరో రూపంలో పాతుకుపోయింది. తెలుసుకునేవాడు పైన, చేసేవాడు కింద. ఇంజనీరింగ్ కాలేజీలో చదివితే విద్య, ఐటీఐ వర్క్‌షాపులో నేర్చుకుంటే ఒట్టి పని. శంకరులు పెట్టిన కొలతతోనే కొలిచి చూసినా ఈ మెట్లు నిలవవని నా వాదన. దానికి సాక్ష్యం కట్టెల పొయ్యి.

కట్టె కాలుతున్నట్టు కనిపిస్తుంది గానీ, మంటగా మండేది చాలావరకు వేడికి కట్టెలోంచి బయటికొచ్చే వాయువులే. వాటికి చాలినంత వేడి, గాలి, కాస్త వ్యవధి దొరక్కపోతే మండకుండానే తప్పించుకుంటాయి. మనం పొగ అనేది ఎక్కువ భాగం అలా చేజారిన ఇంధనమే. ఇక మూడు రాళ్ల పొయ్యిలో మంట బాగానే లేచినా, వేడి గాలి గిన్నెను తాకీ తాకకుండా పక్కలకు పోతుంది. అందుకే గిన్నె చుట్టూ రేకు గోడ పెట్టి, మధ్యనున్న సన్నని సందులోంచి వేడి గాలిని పోనిస్తారు. బయోమాస్ పొయ్యిల మీద శామ్యూల్ బాల్డ్విన్ 1987లో ప్రచురించిన గ్రంథంలో ఈ సందుకు లెక్కలున్నాయి. 8 మిల్లీమీటర్ల సందు 10 అయిందంటే, అక్కడ గిన్నెకు అందే వేడి సగానికి దగ్గరగా పడిపోతుంది. మరీ బిగిస్తే గాలి లాగదు, పొగ పొయ్యి నోట్లోంచి వంట చేసే మనిషి ముఖం మీదికే వస్తుంది. సూత్రం కాగితం మీద ఉంటుంది. ఆ రెండు మిల్లీమీటర్లు రేకు వంచేవాడి చేతిలో ఉంటాయి.

ఐటీఐలో ఫిట్టర్ కోర్సు రెండేళ్లు. ఇనప ముక్కను ఆకురాయితో చదునుగా రాయడం తొలి పాఠాల్లో ఒకటి. కొత్త చేతిలో ఆకురాయి ఊగుతుంది. అంచులు రెండూ అరిగి మధ్య ఉబ్బెత్తుగా మిగులుతుంది. ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచుల దగ్గర వెలుగు గీత కనిపిస్తుంది. తోపు సాగేకొద్దీ బరువు ఎడమ చేతి నుంచి కుడి చేతికి మారాలని బోర్డు మీద రాయవచ్చు. పిల్లవాడు దాన్ని నోట్సులో ఎక్కించుకున్నంత మాత్రాన ఆ గీత పోదు. రాసీ రాసీ, తిరిగి ఆనించి చూసీ చూసీ, ఒకనాటికి భుజం సర్దుకుంటుంది, గీత మాయమవుతుంది. ఇది పురుషతంత్రమా? రాయాలా వద్దా అన్నది అతని ఇష్టం. ఎలా రాస్తే చదును వస్తుందన్నది ఇనుము చెప్పాలి, అతను వినాలి. అలా విని నేర్చుకున్నది వస్తుతంత్రం కాకపోతే మరేది?

న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ఇంకో పరీక్ష పెట్టాడు. తెలిసినది నిజమో కాదో ప్రవృత్తి సామర్థ్యం వల్ల, అంటే దాన్ని నమ్మి చేసిన ప్రయత్నం ఫలించడం వల్ల తేలుతుంది. నీళ్లున్నాయని తెలిసి వెళ్తే దాహం తీరాలి. పొయ్యి పరిశోధన ఈ పరీక్షకు ఎలా నిలిచింది? హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న పొయ్యిని రూపొందించి, 1953లో దాని గురించి పుస్తకం తెచ్చారు. 1980లలో కేంద్రం మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల కార్యక్రమం 2002 దాకా సాగింది, లెక్కల్లో కోట్ల పొయ్యిలు చూపింది. తర్వాత ఒడిశాలో రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్ ఇలాంటి పొయ్యిలే ఇచ్చిన ఇళ్లను నాలుగేళ్ల పాటు గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత తేడా మిగల్లేదు. పొయ్యి వాడకం తగ్గింది, గొట్టంలో మసి దులపడం, పగుళ్లకు మట్టి మెత్తడం జరగలేదు. తీరిక లేకపోవడం, అలవాటు కూడా కారణాలే, తప్పంతా ఒక్క చోట వేయను. కానీ కట్టే చేతికీ బాగుచేసే చేతికీ ఏం తెలియాలన్నది పరిశోధనలో భాగం కాకుండా, పరిశోధన ముగిశాక చెప్పే జాగ్రత్తల్లో చేరింది. వాత్స్యాయనుడి కొలతలో ఆ జ్ఞానం దారిలోనే ఆగిపోయింది.

తరతరాలుగా పొగ పొయ్యిలు కట్టింది ఆ చేతులే కదా అని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఏ చేయీ దాన్ని పట్టలేదు, పరికరమే చెప్పాలి. కానీ కన్ను వినలేదని చూపు ప్రమాణం కాకుండా పోదు. చేతి జ్ఞానానికి హద్దుందని ఒప్పుకోవడం వేరు, అది జ్ఞానమే కాదనడం వేరు. సందు కచ్చితంగా రావడానికి అచ్చులు వాడమని బాల్డ్వినే అన్నాడు, ఇక చేతితో పనేమిటి అంటారు మరికొందరు. ఆ అచ్చును కొలత తప్పకుండా తయారు చేసేది ఎవరు? చేయి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారింది, అంతే.

పేద ఇళ్లకు గ్యాస్ కనెక్షన్లిచ్చే దీపం పథకం 1999లో, ఉజ్జ్వల 2016లో వచ్చాక ఈ చర్చ ఎందుకన్నవారూ ఉంటారు. ఊపిరితిత్తులకు గ్యాసే మేలు, అందులో సందేహం లేదు. అయినా సిలిండర్ పక్కనే కట్టెల పొయ్యి ఇంకా చాలా ఇళ్లలో మండుతోంది. ప్రపంచంలో సుమారు 210 కోట్ల మంది పొగ పొయ్యిల మీదే వండుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందుకే ఇంజనీరింగ్ కాలేజీలకు ఒక విన్నపం. పొయ్యి మీద పరిశోధన చేసే విద్యార్థిని ఒక సెమిస్టర్ ఐటీఐ వర్క్‌షాపుకు పంపండి, వెలుగు గీత పోయేదాకా ఇనుము రాయనివ్వండి. ఆ వర్క్‌షాపు పిల్లలను మీ ల్యాబుకు పిలిచి, పొగ కొలిచే మీటరు వాళ్ల చేతికివ్వండి.