చెప్పిన దోషము, చెప్పని దోషము

లోకమున మోసము చేయువానిని నిందించుట సులభము. ఆ మోసమునకు చోటిచ్చిన కొనుగోలుదారుని నిందించుట కష్టము. ఏలన ఆ కొనుగోలుదారులలో మనమందఱము నున్నాము. ఈ మాసమున చదువరుల యెదుట మేముంచదలచిన ప్రశ్న యొక మోటారుకారును గూర్చినది. ధర్మవిచారమునకు కారుతో నేమి పని యని కొందఱు నవ్వవచ్చును. కాని మన పూర్వులు పశువుల క్రయవిక్రయములయందు గూడ ధర్మమును వెదకినారు. గుఱ్ఱము పోయి యంత్రము వచ్చినంతమాత్రమున ధర్మము సెలవు పుచ్చుకొనలేదు.

మాయొద్ద చదివి యిప్పుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న శిష్యుడొకడు గడచిన నెలలో మాకు జాబు వ్రాసినాడు. చిన్నతనమునుండియు వానికి వేగముగా పోవు బండ్లపై మక్కువ. ఇద్దఱు మాత్రమే కూర్చుండదగినదియు, పైకప్పు మడచి వెనుకకు త్రోయదగినదియు నగు మాజ్దా మియాటా యను స్పోర్ట్సుకారును కొనవలెనని వాని కోరిక. క్రొత్తది కొను శక్తి లేక, వాడిన బండ్లు రెండింటిని చూచినాడు. రెండును ఒకే సంవత్సరమున తయారైనవి. ఇంచుమించు ఒకే దూరము తిరిగినవి. మొదటిది ఒక వర్తకుని యంగడిలో నున్నది. దాని చరిత్రపత్రములో ప్రమాదమను మాటయే లేదు. రెండవది ఒక వృద్ధుని యింట నున్నది. దాని పత్రములో ప్రమాదమొకటి నమోదైయున్నది. ఆ వృద్ధుడు తానుగా నా సంగతి యెత్తి, వెనుకనుండి వేఱొక బండి తాకినదని చెప్పి, ఏయే భాగములు మార్చిరో తెలుపు రసీదులన్నియు ముందఱ బెట్టినాడట. వెల మూడువేల డాలర్లు తక్కువ.

"మాస్టారూ, స్నేహితులందఱును మచ్చపడిన బండిని ముట్టవద్దనుచున్నారు. నాకు మాత్రము ఆ పెద్దాయన మాటమీద గుఱి కుదిరినది. కాని రేపు నేనమ్మబోవునపుడు ఈ మచ్చ నా మెడకు జుట్టుకొనదా? ఏమి చేయుమందురు?" అని వాడు మమ్మడిగినాడు.

మొదట ఆ చరిత్రపత్రమన నేమో చెప్పవలెను. ఆ దేశమున వాడిన బండ్ల చరిత్రను సేకరించి యమ్ముటయే వృత్తిగా గల సంస్థలున్నవి. వానిలో ప్రసిద్ధమైన కార్‌ఫాక్సు 1984లో మిసోరీ రాష్ట్రమున పుట్టినది. తిరిగిన మైళ్ళను చూపు మీటరును వెనుకకు ద్రిప్పి యమ్ము మోసమును పట్టుటయే మొదట దాని పని. 1981 మొదలు అక్కడి ప్రతి కారునకును 17 అక్షరములు, అంకెలు గల గుర్తు ఒకటి యుండుటచేత, దానిని బట్టి రిజిస్ట్రేషను కార్యాలయములు, పోలీసులు, బీమా సంస్థలు, మరమ్మతు శాలలు తెలిపిన సంగతులను ఒకచోట కూర్చుదురు. తెలిపినది పత్రమున కెక్కును, తెలుపనిది ఎక్కదు. పోలీసులను పిలువక, బీమావారి నడుగక, చేతిసొమ్ము పెట్టి గుట్టుగా బాగుచేయించిన బండి పత్రము పాలవలె తెల్లగానే యుండవచ్చును.

మన మీమాంసకులలో భాట్టులు అనుపలబ్ధిని, అనగా కనబడకపోవుటను, ఒక ప్రమాణముగా నంగీకరించిరి. కాని దానికొక కట్టు పెట్టిరి. ఉన్నయెడల కనబడి తీరవలసిన వస్తువు కనబడకున్నప్పుడే అది లేదని నిశ్చయింపవలెను. పట్టపగలు గదిలో కుండ కనబడకున్న కుండ లేదు; చీకటిగదిలో కనబడకున్న లేదనుటకు వీలులేదు. మచ్చలేని చరిత్రపత్రము సగము చీకటి గదిలోని చూపువంటిది. అది "ఏమియు జరుగలేదు" అని చెప్పదు. "జరిగినట్లు మేము వినలేదు" అని మాత్రమే చెప్పును. ఆ రెండు మాటలకు నడుమనున్న యెడమునకే మా శిష్యుని స్నేహితులు మూడువేల డాలర్లు ఇమ్మనుచున్నారు.

అట్లని మచ్చగల బండి యెల్ల మంచిదని మేమనుట లేదు. ప్రమాదమను ఒక్క మాటలోనే వెనుక బంపరు గీచుకొనుటయు, బండి యెముకలవంటి చట్రము వంగుటయు నిమిడియున్నవి. ఈ కాలపు కార్లలో చట్రమును పైదేహమును సాధారణముగా వేఱువేఱు కావు. లోహపు రేకులనతికి ఒకే పెట్టెగా కట్టుదురు. తాకిడి బలమును తాము నలిగి మ్రింగి, లోపలివారిని కాపాడునట్లు ముందువెనుక భాగములను నిర్మింతురు. నలిగిన భాగమును సరిగా మార్చక, సుత్తితో తట్టి రంగు పూసినయెడల రెండవ తాకిడికి అది యోర్వదు. నెమ్మదిగా పోవు బండిలో బయటపడని వంకర, మలుపులలో చురుకుగా తిరుగుటకే చేయబడిన స్పోర్ట్సుకారులో ప్రాణముమీదికి దేగలదు. కావున చక్రముల యమరికను కొలిపింపవలెను. టైర్లు ఒకవైపున అరిగినవేమో, తలుపుల చుట్టునున్న సందులు సమముగా నున్నవో లేవో చూడవలెను. రంగు మందమును కొలుచు పరికరముతో మరల పూసిన చోట్లను కనిపెట్టవలెను. ఎయిర్‌బ్యాగులు సరియైనవి యథాస్థానమున నున్నవో లేవో పరీక్షింపవలెను. ఇవన్నియు అమ్మువానితో సంబంధము లేని మెకానిక్కుచేత చేయింపవలసిన పనులు; మచ్చలేని బండికిని ఇవి తప్పవు.

ఇట్టి పరీక్ష క్రొత్త తలంపు కాదు. యాజ్ఞవల్క్యస్మృతి కొన్న వస్తువును పరీక్షించుటకు గడువులు విధించుచు, ఇనుమునకు ఒక దినము, బరువు మోయు పశువులకు 5 దినములు, రత్నములకు 7, విత్తనములకు 10 దినములు అని చెప్పినది. అదే శ్లోకమున దాసీదాసులకును గడువున్నది. మనుష్యుని సరకుగా నెంచిన ఆ భాగమును మనము సిగ్గుతో విడువవలెను; చూచి కొనుమను భాగమును నిలుపుకొనవలెను. దోషము గల వస్తువును, దోషము కప్పిన వస్తువును అమ్మరాదని మనుస్మృతియు చెప్పినది.

ఇంగ్లీషువారి న్యాయము మఱియొక త్రోవ త్రొక్కినది. కొనువాడే జాగ్రత్తపడవలెనని వారి సూత్రము. మన దేశమున నేటికిని అమలులోనున్న 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షనులో దీనికి చక్కని యుదాహరణములున్నవి. ఒకడు తెగులుగల గుఱ్ఱమును వేలములో అమ్మును. తెగులు సంగతి యెఱిగియు చెప్పడు. ఇది మోసము కాదు. కొనునది అతని కూతురై, అప్పుడే యుక్తవయస్సు వచ్చినదైనచో, చెప్పుట యతని విధి. "నీవు కాదనకున్నచో గుఱ్ఱము బాగున్నదని తలంతును" అని కొనువారు అనగా ఊరకుండుట, నోటితో చెప్పుటతో సమానము. వర్తకుల విషయమున 1986, 2019 సంవత్సరముల వినియోగదారుల చట్టములు ఈ సూత్రమును కొంత మెత్తబఱచినవి. ఇద్దఱు సామాన్యుల నడుమ బేరములో మాత్రము ఆ గుఱ్ఱము నేటికిని నడచుచున్నది.

న్యాయస్థానమునకు ఈ గీత చాలును, మనస్సాక్షికి చాలునా? కూతునకు చెప్పవలసిన దోషమును పొరుగువాని కూతున కేల చెప్పగూడదు? క్రీస్తుపూర్వము 44లో రోమకుడగు సిసెరో తన కుమారునికై వ్రాసిన కర్తవ్యగ్రంథమున ఈ చర్చయే కలదు. ఇల్లొకటి బయటికి బాగుగా గనబడును. లోన పాములు, పుచ్చిన దూలములు. యజమానికి తప్ప నెవరికిని తెలియదు. అతడు చెప్పక యమ్మవచ్చునా? ఊరకుండుట వేఱు, దాచుట వేఱు అని డయోజనీసను తత్త్వవేత్త వాదించెను. త్రోవ తప్పినవానికి త్రోవ చూపకుండుటకన్న నిది హీనము, తెలిసియే యొకనిని తప్పుత్రోవ పట్టించుట యని యాంటిపాటరు బదులు చెప్పెను. సిసెరో యీ రెండవవాని పక్షమే వహించెను.

ఇంతవఱకు వ్రాసి మేము కలము క్రింద బెట్టితిమి. గుమ్మడికాయల దొంగ యన్న భుజములు తడవికొన్నవాని గతి మాకు పట్టినది. పదునాలుగేండ్ల క్రిందట మేమొక స్కూటరు అమ్మితిమి. అమ్ముటకు ఏడాది ముందు అది మాచేతనే ఒక బండరాతికి గొట్టుకొని, ముందఱి ఫోర్కు వంగినది. తిన్నగా చేయించి, రంగు వేయించితిమి. కొన్నవారు మాతోడి యుపాధ్యాయులు. వారడుగలేదు, మేము చెప్పలేదు. చట్టములోని గుఱ్ఱపు యజమానివలె మేమును నిర్దోషులమే. కాని నెల తిరుగకముందే వారు వచ్చి, "మాస్టారూ, బండి ఎడమకు లాగుచున్నది, ఎప్పుడైన పడినదా?" అని యడిగిరి. "మాకు తెలిసి పడలేదు" అంటిమి. మొదటిదినమున మౌనమునకు తలయొగ్గిన నాలుక, ముప్పదవ దినమున అబద్ధమునకు వెనుదీయలేదు. దోషమును చెప్పకుండుట యొక్కనాటి పని కాదు; దానిని దినదినమును కాచుకొని యుండవలెను.

మేమేల చెప్పలేదు? వెల తగ్గునని. వెల తగ్గించువారెవరు? కొనువారు. 1970లో జార్జి ఏకర్లాఫ్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు, వాడిన బండ్ల బజారును దృష్టాంతముగా గొని వ్రాసిన వ్యాసమున ఈ చిక్కును విప్పిచూపెను. ఆ దేశపు వాడుకలో దోషపు బండిని నిమ్మపండందురు. ఏది నిమ్మపండో కొనువానికి తెలియదు గనుక అన్నిటికిని నడిమి వెలయే ఇచ్చును. మంచి బండి గలవాడు ఆ వెలకు అమ్మ మనసొప్పక బజారు విడుచును. తుదకు నిమ్మపండ్లే మిగులును. 2001లో నోబెలు బహుమానమును పంచుకొనినవారిలో నతడొకడు. ఆయన చెప్పినది బేరపు లెక్క. మేము చెప్పదలచినది దాని ప్రక్కనే యున్న నీతి. చెప్పినవానికి వెల తగ్గించి, చెప్పనివానికి నిండు వెల యిచ్చు సమాజము అబద్ధమునకు బహుమాన మిచ్చుచున్నది. ఆపైన లోకములో నిజము లేదని వాపోవుచున్నది.

ఈ బేరము కార్లకే పరిమితమా? మన యిండ్లలో పెండ్లిమాటల నాడు జరుగునదేమి? పిల్లకు చిన్ననాట మూర్ఛ వచ్చినదని చెప్పిన తండ్రి గుమ్మము మరల నెవరును తొక్కరు. చెప్పనివాని యింట పందిరి వేయుదురు. మొదటి నిశ్చితార్థము తప్పినదని దాచక చెప్పిన యువతిని మచ్చగలదాని వలె చూతురు. మనుష్యులు బండ్లు కారు. వారి గతమునకు వెల గట్టుటయే పాపము. అట్లు గట్టు వాడుక పోనంతవఱకును, దాచినవారిని మాత్రము దూషించుట సగము న్యాయమే. మన యిండ్లకు వచ్చిన నిజమునకు పీటవేయక, అబద్ధమేల వచ్చినదని యడుగు హక్కు మనకెక్కడిది?

కావున మా శిష్యునకు మేమిట్లు వ్రాసితిమి: "నాయనా, రెండు బండ్లను ఒకే మెకానిక్కుచేత పరీక్ష చేయింపుము. చట్రము వంగియున్నచో ఆ వృద్ధుని సత్యసంధత నీ ప్రాణమును గాపాడదు, నమస్కరించి మరలిరమ్ము. చట్రము నిక్కముగా నున్నచో చెప్పిన బండినే కొనుము. దోషమునకు తగినంత వెల తగ్గించుము. ఆయన చెప్పినాడు గదా యని ఇంకను క్రిందికి లాగకుము. నీవమ్మునాడు ఆ రసీదులన్నియు కొనువాని చేత బెట్టుము. అప్పుడు వెల తగ్గునని నీ భయము. నేడు నీవు తక్కువకు కొనుచుంటివి గదా. తక్కువకు కొన్నదానిని తక్కువకు అమ్ముటలో నష్టమేమి? మచ్చ నీ మెడకు చుట్టుకొనునది నీవు దానిని దాచినప్పుడే."

ఈ జాబు టపాలో వేసిన మఱునాడు మేము మా పాత సహోపాధ్యాయుల యింటికి పోయి, స్కూటరు సంగతి చెప్పితిమి. వారు చాలసేపు మా మొగము చూచి, "అప్పుడే తెలిసినది, మాస్టారూ. మెకానిక్కు చెప్పినాడు. మీరే చెప్పుదురేమోయని వచ్చి యడిగితిని" అనిరి. ఆ బండి నేమి చేసితిరని యడిగితిమి. "ఫోర్కు వంగినదని చెప్పియే అమ్మితిని. వెల రెండువేలు తగ్గినది" అనిరి.

ఆ రెండువేలు మావి. మేము దాచిన దోషమునకు వెల యెక్కడికిని పోలేదు. నిజము చెప్పినవాని జేబునుండి వసూలైనది. మేమిచ్చిన పైకమును వారు పుచ్చుకొనలేదు. కాఫీ యిచ్చి పంపిరి.