కాస్త నిలబడి చూడు, నాయనా

నీకు పిట్టలంటే ప్రాణమని నాకు తెలుసు. ఆదివారం తెల్లవారకముందే మెడలో కెమెరా వేసుకుని, బండి తీసి కైకలూరు వైపు బయల్దేరతావు. మంచిదే. సెలవు రోజు పొద్దెక్కేదాకా పడుకునేవాళ్లకన్నా వెయ్యి రెట్లు నయం. కానీ కొల్లేరు సరస్సు ఒడ్డున ఆటపాకలో అరగంట, అక్కణ్ణించి ఇంకో చెరువు, అక్కడో పావుగంట, భోజనాల వేళకి మరో ఊరు. సాయంత్రానికి ఫోటోలన్నీ ఫోన్లో పెట్టేసి, వచ్చే వారం ఎక్కడికా అని వెతుక్కుంటావు. ఎందుకు నాయనా అంత తొందర? ఆ పిట్ట చెట్టు మీదే ఉంది. పారిపోతున్నది నువ్వే.

ఒక మాస్టారి సంగతి చెబుతాను, కూర్చుని విను. కె.కె. నీలకంఠన్ అని, మలయాళీ. 1923లో పాలక్కాడ్ దగ్గర కావశ్శేరిలో పుట్టారు. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పడం ఆయన వృత్తి. పక్షుల మీద డిగ్రీ లేదు, వాటిని చూసినందుకు జీతమిచ్చినవాళ్లూ లేరు. పాఠాలయ్యాక, సెలవుల్లో, పొలం గట్ల మీదా చెరువుల పక్కనా నిలబడి చూసి నేర్చుకున్నదే ఆయన విద్య. ఇందుచూడన్ అనే పేరుతో రాసేవారు. 1958లో వచ్చిన ఆయన పుస్తకం ‘కేరళత్తిలె పక్షికళ్’ చదువుకునే అక్కడి పిల్లలెందరో పిట్టల్ని పేరు పెట్టి పిలవడం నేర్చారు. అడవుల్లో దొరికే అరుదైన వాటి వెంటే ఆయన పడలేదు, చూశావా. కాకి, మైనా, లకుముకి, గరుడపక్షి, ఇంటి చుట్టూ తిరిగేవాటికీ అంతే మర్యాద ఇచ్చారు. పెరట్లో దొరికే పిట్ట కూడా చూడదగ్గదేనని నీకు ఎవరూ చెప్పలేదా?

ఆయన పరాయి రాష్ట్రం మనిషి, మనకేమిటి అనుకోకు. మన పశ్చిమ గోదావరి జిల్లాలో ఆరేడు అనే ఊళ్లో గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతున్నాయని 1940ల్లో చూసి, శాస్త్రజ్ఞుల లోకానికి చెప్పింది ఆ ఇంగ్లీషు మాస్టారే. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరంగా రాశారు. ఆ ఊరివాళ్లకు ఆ పక్షులు కొత్తేమీ కాదు. రోజూ తలెత్తితే కనిపించేవే. కానీ ఓపిగ్గా నిలబడి, ఏం చేస్తున్నాయో చూసి, కాగితం మీద పెట్టే మనిషి ఒకరు కావలసి వచ్చింది. నీ చేతిలో ఉన్న కెమెరా లాంటిది ఆయన దగ్గరుందో లేదో గానీ, నీ దగ్గర లేని తీరిక మాత్రం ఆయన దగ్గరుంది. తీరిక అంటే పనిలేకపోవడం కాదు, ఉద్యోగం చేస్తూనే ఆయన అదంతా చేశారు. ఉన్న గంటని నాలుగు చోట్లకు పంచకుండా ఒక్కచోట పెట్టారు, అంతే.

ఆరేడులో ఇప్పుడా గూళ్లు లేవు. కొల్లేరులోనూ 1970ల్లో గూడబాతులు గూళ్లు కట్టడం మానేసి వెళ్లిపోయాయి. చాలా ఏళ్లకు గానీ ఆటపాకలో మళ్లీ కుదురుకోలేదు. 1999లో కొల్లేరును అభయారణ్యం చేశారు, 2002లో రామ్సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఇంత జరిగాక, వాటి కోసం ఇనుప స్టాండ్లు నిలబెట్టాక, నువ్విప్పుడు పడవెక్కి దగ్గరగా చూడగలుగుతున్నావు. వెళ్లిపోయిన పక్షిని మళ్లీ రప్పించడానికి ఒక తరం పడుతుందని మర్చిపోకు.

అందుకే కసురుకుంటున్నాను. గుడ్ల మీద కూర్చున్న పక్షి దగ్గరికి ఇంకో రెండు అడుగులు, ఇంకో రెండు అడుగులు అంటూ పోతావు. పడవవాణ్ణి కూడా ఇంకాస్త ముందుకు పోనివ్వమని బతిమాలతావు. తల్లి బెదిరి లేస్తే నీకు రెక్కలు చాపిన ఫోటో వస్తుంది, నిజమే. ఆ కాసేపట్లో గూట్లో ఏం జరుగుతుందో తెలుసా? పొదగడానికే నెల రోజులు పట్టే గుడ్డు అది. నీడ తొలగితే ఎండకు పాడవుతుంది, లేదంటే కాకి ఎత్తుకుపోతుంది. చీరలో కట్టిన ఉయ్యాలలో పసిబిడ్డ నిద్రపోతుంటే తలుపు తోసుకుని లోపలికి పోతావా? పోవు. ఇక్కడా పోకు. డ్రోన్ ఎగరేయకు. ఫోన్లో పిట్ట కూత వినిపించి దాన్ని బయటికి పిలవకు. జోడీ వచ్చిందో, శత్రువు వచ్చిందో అనుకుని అది తన పని మానుకుని నీ చుట్టూ తిరుగుతుంది. గూడు ఎక్కడుందో ఊరూవాడా తెలిసేలా పెట్టకు. నీకు చెడ్డ ఉద్దేశం లేదని నాకు తెలుసు. నీ వెనక వచ్చే నలభై మంది సంగతి నీకు తెలియదు కదా.

మళ్లీ మాస్టారి సంగతికొస్తే, ఉద్యోగ విరమణ తర్వాత కూడా ఆయన ఇంటిపట్టున కూర్చోలేదు. కుర్రాళ్లను పోగుచేసి వెంటబెట్టుకుని తిరిగారు. వాళ్ల పాలక్కాడ్ జిల్లాలోనే కుంతి నది మీద సైలెంట్ వ్యాలీలో ఆనకట్ట కడతామన్నప్పుడు, అడవి పోతుందని అడ్డు నిలిచిన వాళ్లలో ఆయనొకరు. కవులు, మాస్టార్లు, విద్యార్థులు ఊరూరా తిరిగి చెప్పారు. చివరికి ఆ ఆనకట్ట మానుకున్నారు, 1984లో ఆ అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. 1992లో ఆయన పోయారు. ఏళ్ల తరబడి ఒక చోటును చూస్తూ ఉన్నవాడికే అక్కడ ఏది పోతోందో ముందుగా తెలుస్తుంది. పరుగున వచ్చి పరుగున పోయేవాడికి అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఇంకో మాట. నువ్వు ఆదివారం వెళ్లిపోతే ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. కాకి పొద్దున ఎన్నింటికి వస్తుందో, ఏ కొమ్మ మీద వాలుతుందో ఆవిడకు నీకన్నా బాగా తెలుసు, ఎప్పుడైనా అడిగావా? నీ తమ్ముడికి ఆ కెమెరాలోంచి ఒక్కసారి చూడనిచ్చావా? ఇష్టమైనదాన్ని ఒంటరిగా దాచుకుంటే ఇంట్లోవాళ్లకు అదొక దుబారా ఖర్చులాగే కనిపిస్తుంది. వెంట తీసుకెళ్తే వాళ్లే మరుసటి వారం గుర్తుచేస్తారు.

ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కో, రెండు వందల పేజీలది. ఊళ్లో నీకు దగ్గర్లో ఉన్న చెరువు ఒక్కటి ఎంచుకో. వారానికోసారి అదే వేళకు వెళ్లి, అదే గట్టు మీద కూర్చుని, తేదీ వేసి చూసినది రాయి. ఏమీ కనిపించకపోతే ఏమీ కనిపించలేదని రాయి. ఏడాది తిరిగేసరికి ఆ చెరువు గురించి నీకన్నా ఎక్కువ తెలిసినవాడు ఊళ్లో ఉండడు. ఈ ఆదివారమే మొదలుపెట్టు. అమ్మను కూడా రమ్మను.