ఇవ్వలేనివాడు, ఇవ్వనివాడు

మార్టూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసే కౌలురైతు ప్రామిసరీ నోటు రాసి అప్పు తెస్తాడు. 2021లో నల్ల తామరపురుగు మిర్చి తోటల్ని ముంచినట్టు పంట పోతే, ఆ నోటు కోర్టుకెక్కుతుంది, డిక్రీ అవుతుంది, చివరికి ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) పడుతుంది. అరెస్టు వారెంటు వచ్చిందనగానే ఊరి కళ్లకు బాకీదారూ దొంగా ఒకటే. ధర్మానికి మాత్రం వాళ్లు ఒకటి కారు. అప్పు తీర్చకపోవడం పాపమా కాదా అన్నది చేతిలో డబ్బు ఉందా లేదా అన్నదాని మీదే కాక, మనసులో ఏముందన్నదాని మీద కూడా తేలాలి.

చట్టం కూడా ఈ తేడా పాటిస్తుంది. చాలా నేరాల కేసుల్లో పోలీసులు సహేతుకమైన అనుమానం మీద పట్టుకోవచ్చు; ప్రయాణకాలం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. సివిల్ అరెస్టు డిక్రీదారు కోరితే కోర్టు ఆజ్ఞపై జరుగుతుంది. పొద్దుగూకాక ఇంట్లోకి వెళ్లరాదు. డబ్బు డిక్రీకి స్త్రీని పట్టుకోరాదు. డిక్రీ మొత్తం 2,000 రూపాయలు దాటకపోతే జైలే లేదు. ఎంత పెద్ద డిక్రీకైనా మూడు నెలలే గరిష్ఠం. ఖైదీ తిండి ఖర్చు డిక్రీదారే భరించాలి. అన్నిటికన్నా ముఖ్యం, జైలులో గడిపినా బాకీ రద్దు కాదు. అంటే ఇది శిక్ష కాదు, మొండివాడి మనసు వంచే ఒత్తిడి. ఇచ్చే స్తోమతే లేనివాడిపై ఆ ఒత్తిడి ఉత్త హింస. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ చెప్పిన తీర్పు సారం ఇదే: జైలుకు పంపాలంటే స్తోమత ఉండీ దురుద్దేశంతో ఎగ్గొట్టాడని తేలాలి.

మన సంప్రదాయం పుట్టుకతోనే మనిషికి దేవ, ఋషి, పితృ ఋణాలున్నాయంది, ఆలుబిడ్డల్ని అమ్మి బాకీ తీర్చిన హరిశ్చంద్రుణ్ణి పూజించింది, మరి బాకీదారుపై జాలెందుకని అడగవచ్చు. హరిశ్చంద్రుడు తనను తానే కట్టేసుకున్నాడు గనుక గొప్పవాడయ్యాడు. బాకీ కోసం ఆయన వెంటపడి వేధించిన నక్షత్రకుణ్ణి ధర్మమూర్తి అన్నవారు లేరు. అప్పిచ్చినవాడూ బిడ్డ పెళ్లికి దాచిన సొమ్మే ఇచ్చి ఉండవచ్చు, ఆస్తి బంధువుల పేర రాసి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టే మోసగాళ్లూ ఉన్నారన్నది మరో అభ్యంతరం. నిజమే. జైలు తలుపు ఉన్నది సరిగ్గా అలాంటివారికే. నిజాయితీగా నష్టపోయినవాణ్ణీ అందులోకి తోస్తే మోసగాడికీ వాడికీ తేడా చెరిగిపోతుంది, నిజాయితీకి విలువ పోతుంది.

కాబట్టి డిక్రీదారులు అరెస్టు కోరేముందు ఎదుటివాడికి స్తోమత ఉందా అని తమను తాము అడగాలి. బాకీదారులు నోటీసు వస్తే దాక్కోకూడదు. కోర్టుకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు లెక్క చెప్పాలి. ఇవ్వలేనివాడు తాను ఇవ్వనివాడు కాదని చెప్పుకోవలసింది అక్కడే.