చీట్ మీల్ అంటే ఎవరిని మోసం చేసినట్టు? – గీత చెప్పిన ఆహారం, విహారం

 

మొన్న అత్తిలి షష్ఠి ప్రవచనం వీడియోలో చివర మా అక్కయ్య ఇంటి సంగతి ఒకటి మొదలుపెట్టి, టైము అయిపోయిందని ఆపేశాను. ఏమైందండీ తర్వాత అని చాలామంది అడిగారు. అది ఇక్కడ చెబుతాను. కానీ ముందు, ఆ సంగతి ఎందుకు గుర్తొచ్చిందో చెప్పాలి.

తాడేపల్లిగూడెం నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. ఉద్యోగస్థుడు, ముప్ఫై లోపు వయసు. జిమ్‌కి వెళ్తున్నాడు, బరువు తగ్గుతున్నాడు. అంతా బాగానే ఉంది. "గురువుగారూ, నేను వారమంతా నియమంగా ఉంటానండీ. ఫ్రెండ్స్‌తో ఎక్కడికైనా వెళ్తే మాత్రం ఆగలేను. తినేస్తాను. తిన్నాక రెండు రోజులు ఏమీ తినకుండా ఉంటాను. దేవుడి దగ్గర నిలబడి క్షమించమని అడుగుతున్నానండీ. ఇది పాపమేనా?" అన్నాడు.

ఎప్పుడు తిన్నావు నాయనా అన్నాను. "ఆదివారం చీట్ మీల్ అండీ" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త. అర్థం చెప్పించుకున్నాను. చీట్ అంటే మోసం. అంటే మోసపు భోజనం! నేను అడిగాను, "ఎవరిని మోసం చేస్తున్నావురా బాబూ? వండిన అమ్మనా, పండించిన రైతునా, లోపల కూర్చుని అరిగిస్తున్న ఆయన్నా?" అని. నవ్వాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు.

లోపల కూర్చుని అరిగించేది ఎవరో గీత పదిహేనో అధ్యాయంలో స్వామే చెప్పాడు. ప్రాణుల దేహాల్లో వైశ్వానరుడనే అగ్నిగా ఉండి, ప్రాణాపానాలతో కలిసి, నాలుగు రకాల అన్నాన్నీ పచనం చేసేది నేనే అన్నాడు. నమిలి తినేది, మింగేది, చప్పరించేది, నాకేది, ఈ నాలుగూ ఆయన లెక్కలోవే. మరి వారమంతా ఆయనకి ఉడకబెట్టిన శనగలు పెట్టి, ఆదివారం దొంగచాటుగా బిర్యానీ పెట్టి, సోమ మంగళవారాలు అసలేమీ పెట్టకుండా కూర్చోబెడితే, దాన్ని నియమం అంటామా? హోమం చేసేవాళ్ళకి తెలుసు. ఒక రోజు నిండా నెయ్యి గుమ్మరించి, రెండు రోజులు సమిధ కూడా వెయ్యకపోతే ఆ అగ్నిహోత్రం నిలవదు.

ఆరో అధ్యాయంలో ధ్యానం గురించి చెబుతూ స్వామి రెండు శ్లోకాల్లో మన తిండీ నిద్రా ప్రస్తావించాడు. అతిగా తినేవాడికి యోగం కుదరదు అన్నాడు. ఇది అందరూ చెప్పేదే. వెంటనే, అసలు తిననివాడికీ కుదరదు అన్నాడు. అతిగా నిద్రపోయేవాడికీ లేదు, అతిగా మేలుకునేవాడికీ లేదు. ఆ తర్వాత శ్లోకంలో ఆహారాన్నీ విహారాన్నీ పక్కపక్కనే పెట్టి, ఆ రెండూ 'యుక్తంగా' ఉన్నవాడికి యోగం దుఃఖాన్ని పోగొడుతుంది అన్నాడు. విహారం అంటే మీకు తెలుసు. తిరగడం, ఆటవిడుపు, సంచారం. వాటిని మానెయ్యి అనలేదు, గమనించండి. అర్జునుడు యుద్ధభూమిలో ఉన్నాడు, ఎదురుగా పద్దెనిమిది అక్షౌహిణుల లెక్క నడుస్తోంది, అప్పుడు కూడా స్వామి విహారం గురించి ఒక మాట చెప్పే తీరిక చేసుకున్నాడు.

యుక్తం అనే మాటకి మూలం, యోగం అనే మాటకి మూలం ఒకటే. యుజ్ అనే ధాతువు. కట్టడం, కలపడం. మన రైతు భాషలో చెప్పాలంటే కాడి కట్టడం. ట్రాక్టర్లు వచ్చాక పిల్లలకి కాడి చూపించడం కష్టమైపోయింది గానీ, మా చిన్నప్పుడు అత్తిలి చుట్టుపక్కల ఏ చేలో చూసినా ఎడ్లే. కాడి కట్టిన ఎద్దుని ఏ రైతూ పస్తు పెట్టడు. పని ఉన్న రోజు ఉలవలు ఉడకబెట్టి మరీ పెడతాడు. అలాగని గడ్డివాము మీదకి వదిలెయ్యడు. పొద్దు వాలాక కాడి విప్పేస్తాడు, కాలవలోకి దింపి ఒళ్ళు రుద్దుతాడు. తిండి, పని, విశ్రాంతి, మూడూ ఒకే చేతి కింద ఉంటాయి. శరీరాన్ని అలా చూసుకోమని ఆయన చెప్పింది. మనమేమో ఆరు రోజులు దాన్ని చర్నాకోలతో కొట్టి ఏడో రోజు పలుపు తెంపేస్తున్నాం.

ఇప్పుడు నా సంగతి.

మూడేళ్ళ క్రితం నాకు తొంభై రెండు కిలోలు. మా పని ఎలాంటిదంటే, కూర్చుని రెండు గంటలు మాట్లాడటం, కారెక్కడం, ఇంకో ఊళ్ళో దిగడం, అక్కడ విస్తరి ముందు కూర్చోవడం. మన గోదావరి జిల్లాల్లో అతిథికి వడ్డించడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ నేల మీద బియ్యానికి లోటు లేదు, వడ్డించే చేతికి మొహమాటమూ లేదు. వద్దంటే ఇంకో గరిటె పడుతుంది. డాక్టరు గారు రిపోర్టు చూసి, షుగరు గీత దాటబోతోంది, జాగ్రత్త అన్నారు.

భయం వేసింది. భయం వెయ్యాలి కూడా. అన్నం మానేశాను. మొలకెత్తిన గింజలు, దోసకాయ ముక్కలు ఒక డబ్బాలో పెట్టుకుని తిరిగేవాణ్ణి. మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. మంచిదే. కానీ ఆ తొమ్మిది కిలోలూ పోయిన చోట ఇంకోటేదో వచ్చి కూర్చుంది. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ విస్తట్లోకి చూసి లెక్కలు చెప్పేవాణ్ణి. ఇందులో ఇంత చక్కెర, అందులో అంత నూనె అని.

ఆ సంవత్సరం మార్గశిర శుద్ధ షష్ఠికి అత్తిలి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి తీర్థంలో ప్రవచనం. తీర్థం అంటే తెలుసుగా. జీళ్ళు, ఖర్జూరాలు, బజ్జీల బాండీలు, రంగులరాట్నం, పిల్లల బూరాల మోత. మా పెద్దక్కయ్యది ఆ ఊరే. నాకంటే పదకొండేళ్ళు పెద్ద. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. షష్ఠికి ఆవిడ ఏటా ఒక బ్రహ్మచారికి భోజనం పెట్టి పంచె పెడుతుంది. ఆ రోజు మడి కట్టుకుని పూర్ణం బూరెలు, పులిహోర, ఆవపెట్టిన కందాబచ్చలి కూర చేసింది. నాకు ఇష్టమని.

నేను వరండాలో కూర్చుని డబ్బా తెరిచాను.

తినకపోవడం కాదండీ తప్పు. ఆవిడకి పాఠం చెప్పాను. "ఈ వయసులో నూనెలో వేయించినవి ఏమిటక్కా, నువ్వూ తినకు, ఎవరికీ పెట్టకు" అన్నాను. ఆ బ్రహ్మచారి పిల్లాడు బూరె చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. పాపం, తినాలో వద్దో తెలియలేదు వాడికి. అక్కయ్య ఏమీ అనలేదు.

సాయంత్రం నా ప్రవచనం దేని మీదనుకున్నారు? ఆరో అధ్యాయం. యుక్తమైన ఆహారం, యుక్తమైన విహారం. గంటన్నర చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక అక్కయ్య మంచినీళ్ళ గ్లాసు ఇస్తూ, "బాగా చెప్పావురా. అసలు తిననివాడికి కూడా కుదరదన్నాడు కదా, ఆ మాట నీకు కూడానేమో చూసుకో" అంది. అంతే. వెళ్ళి పడుకుంది.

నాకు నిద్ర పట్టలేదు. తైత్తిరీయంలో భృగుమహర్షి తపస్సు చేసి మొట్టమొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. ఆ తర్వాత ఇంకా పైకి వెళ్ళాడు, ప్రాణం, మనసు, విజ్ఞానం, ఆనందం దాకా. అంత ఎత్తుకి వెళ్ళాక కూడా ఉపనిషత్తు మళ్ళీ కిందకి దిగి వచ్చి, అన్నాన్ని నిందించకూడదు, అది వ్రతం అని చెప్పింది. నేను పొద్దున్న చేసింది ఆ నిందే. పైగా పండగ పూట, వండినావిడ ఎదురుగా.

వినాయక చవితి కథ మనందరం ఏటా చదువుతాం. ఉండ్రాళ్ళు, కుడుములు కడుపునిండా తిని స్వామి కైలాసానికి వచ్చి తల్లిదండ్రులకి దణ్ణం పెట్టబోతే, పొట్ట నేలకి ఆనితే చేతులు ఆనలేదు, చేతులు ఆనితే పొట్ట ఆనలేదు. చంద్రుడు నవ్వాడు. శాపం ఎవరికి తగిలింది? తిన్నవాడికి కాదు. నవ్వినవాడికి. ఇన్నేళ్ళు చదివీ అక్షింతలు నెత్తిన వేసుకున్నానే గానీ, ఇది నా గురించేనని నాకు తోచలేదు. లావుగా ఉన్నవాళ్ళని పెళ్ళి పందిట్లో, ఆఫీసులో వేళాకోళం చేసేవాళ్ళు కూడా ఈ కథ ఇంకోసారి చదవండి.

తమ్ముడు సుబ్రహ్మణ్యుడి సంగతి చూస్తే ఆయన విహారి. నెమలెక్కి నదులన్నీ తిరిగి స్నానాలు చేసి వచ్చినవాడు. మన పంచారామాలు ఆయన తారకుణ్ణి కొట్టినప్పుడు వాడి కంఠంలోని ఆత్మలింగం ఐదు ముక్కలై పడిన చోట్లని స్థలపురాణం. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. కార్తీకంలో ఐదూ ఒక్క రోజులో చూపించే బస్సులున్నాయి. వెళ్ళండి, తప్పులేదు. కాకపోతే తెల్లవారుజామున ఎక్కి అర్ధరాత్రి దిగేదాకా సీట్లో కూర్చుని, ఆగిన చోటల్లా బజ్జీలు తిని, గుళ్ళో క్యూ పొడుగ్గా ఉందని ఒక్క ప్రదక్షిణ కూడా చెయ్యకుండా వచ్చేస్తే అది విహారమా, సరుకు రవాణానా? రెండు గుళ్ళే చూడండి. నడవండి. తిరుమలకి అలిపిరి నుంచి మెట్లెక్కి వెళ్ళినవాళ్ళు పైన తిన్న లడ్డూ రుచి, కారులో వెళ్ళి తిన్నవాళ్ళకి తెలియదని నేను ఒట్టేసి చెబుతాను. సింహాచలం గిరి ప్రదక్షిణ ముప్ఫై రెండు కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమికి లక్షల మంది నడుస్తారు. ఎవరూ దాన్ని వర్కవుట్ అనరు. మోకాళ్ళు బాగోలేనివాళ్ళు గుడి చుట్టూ మూడు తిరగండి, చాలు. ఏమీ లేదంటే ఆటపాక వెళ్ళి కొల్లేట్లో పెలికాన్ పక్షుల్ని చూస్తూ గట్టు మీద ఒక గంట నడిచి రండి, ఆ గంటసేపు ఫోను సంచిలో పెట్టి.

ఇక ఎంత తినాలి అంటారా. అష్టాంగహృదయంలో వాగ్భటుడు కడుపుని నాలుగు భాగాలు చేసుకోమన్నాడు. రెండు భాగాలు అన్నానికి, ఒకటి నీళ్ళకి, ఒకటి గాలి తిరగడానికి ఖాళీగా. వ్యాయామం కూడా, బలవంతుడైనా సరే, చలికాలంలోనూ వసంతంలోనూ తన శక్తిలో సగం మేరకే చెయ్యమన్నాడు. మిగతా కాలాల్లో ఇంకా తక్కువ. జిమ్‌లో పక్కవాణ్ణి చూసి బరువులెత్తే పిల్లలు ఈ సగం మాట గుర్తుపెట్టుకోవాలి. ప్రసాదం సంగతి మన పెద్దవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. తీర్థం ఉద్ధరిణెడు, ప్రసాదం అరచేతిలో పట్టేంత. దొప్ప నిండా పెట్టించుకుని, చాలక ఇంకో లైన్లో నిలబడేది ప్రసాదం కాదు, టిఫిను. (నేనూ నిలబడ్డాను లెండి, అన్నవరంలో. ఆ గోధుమనూక ప్రసాదం దగ్గర నాకు వైరాగ్యం పనిచెయ్యదు.)

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. షుగరుకి ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్ళు ఏకాదశనో, సోమవారమనో డాక్టరుని అడక్కుండా ఉపవాసాలు చెయ్యకండి. పార్వతీదేవి ఆకులు కూడా మానేసి తపస్సు చేస్తుంటే, శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి, ధర్మం చెయ్యడానికి మొదటి పనిముట్టు శరీరమేనమ్మా, నీ శక్తికి తగ్గట్టే చేస్తున్నావా అని అడిగినట్టు కాళిదాసు రాశాడు. ఎవరి కోసం తపస్సు చేస్తోందో ఆయనే వచ్చి ఆరోగ్యం అడిగాడు.

ఆ షష్ఠి మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి అక్కయ్య బూరెలన్నీ పంచిపెట్టేసింది. ఒక్కటి కూడా మిగల్లేదు. సరే, వచ్చే ఏడాది తింటాలే అనుకుని బస్సెక్కాను.

వచ్చే ఏడాది లేదు. వేసవిలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది. నేను డబ్బా తెరిచిన రోజు ఆవిడ చేసినవే ఆఖరి బూరెలు.

ఇప్పుడు నేను ఎనభై కిలోల దగ్గర ఉన్నాను. రోజూ అన్నం తింటున్నాను, కొంచెం. పొద్దున్నే గంట నడుస్తున్నాను. ఎవరింటికి వెళ్ళినా వడ్డించిన ప్రతి పదార్థం ఒక్క ముద్ద తిని, బాగుందమ్మా అని చెప్పి, చెయ్యి అడ్డం పెడుతున్నాను. తాడేపల్లిగూడెం అబ్బాయికి కూడా అదే చెప్పాను. ఆదివారం తినే భోజనానికి ఆ పేరు తీసెయ్యి, అమ్మతో కలిసి కూర్చుని తిను, సోమవారం కూడా తిను అని. చూస్తానండీ అన్నాడు. ఒప్పుకున్నట్టు లేదు. మళ్ళీ ఫోన్ చెయ్యమన్నాను.

ఈ షష్ఠికి అత్తిలి స్టేషన్లో దిగి అక్కయ్య వాళ్ళింటికి నడిచే వెళ్ళాను. బూరెలు వాళ్ళ కోడలు చేసింది. అక్కయ్య కుర్చీలో కూర్చుని, పూర్ణంలో యాలకులు చాల్లేదని కేకలేస్తోంది. ఆవిణ్ణి రోజూ అరుగు దగ్గర్నుంచి గేటు దాకా నడిపించమని ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పాడట. చేతికర్ర ఒక పక్క, నేను ఒక పక్క. నలభై అడుగులు. గేటు దగ్గర ఆగింది. తిరిగి వెళ్దామా అన్నాను.

"ఇంకో పదడుగులు వేస్తానురా. వేస్తే నాకు రెండో బూరె పెట్టమని దానికి నువ్వు చెప్పాలి" అంది.