కాపరి లెక్క, రాజు లెక్క



ఆదివారం దివ్యపూజ ముగుస్తుంది. జనం చెప్పులు వేసుకుని ఇళ్లకు బయలుదేరుతారు. గుడి వెనుక కెమెరా దగ్గర నిలబడిన యువకులు మాత్రం ఫోను తీసి ఒక సంఖ్య కోసం చూస్తారు. ఈ రోజు ఎంతమంది చూశారు? పోయిన వారం కంటే పెరిగారా, తగ్గారా? కొన్నిచోట్ల పూజావస్త్రాలు తీసిన వెంటనే విచారణ గురువులు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే.

2020 మార్చిలో కరోనా వల్ల గుడి తలుపులు మూతపడినప్పుడు మన విచారణలలో చాలావాటికి యూట్యూబు, ఫేస్‌బుక్కు తప్ప వేరే దారి లేకపోయింది. తలుపులు తెరుచుకున్నాక కూడా ఆ అలవాటు నిలిచింది. నవదిన ప్రార్థనలు, గాయక బృందాల పాటలు, ఐదు నిమిషాల వాక్య ధ్యానాలు ఇప్పుడు అక్కడే వెలువడుతున్నాయి. వాటి వెంట లెక్కలూ వచ్చాయి. ఈ లెక్కలను చూసి మన బోధను సరిదిద్దుకోవడం, వినేవారిని పెంచుకోవడం ధర్మమేనా? ఇదే ఈ వారం మన ప్రశ్న.

దీనికి రెండు రకాల జవాబులు వినిపిస్తున్నాయి. దేవుని వాక్యానికి లెక్కలతో పనేమిటి, విత్తడం మన వంతు, మొలిపించడం దేవుని వంతు అని పెద్దలు కొందరంటారు. లెక్క చూడకుండా వీడియోలు పెట్టడం చీకట్లో రాయి విసరడమే అని యువకులంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇద్దరి మాటలోనూ ప్రమాదం ఉంది.

ముందుగా ఆ లెక్కలేమిటో తెలుసుకుందాం. ఛానల్ నడిపేవారికి యూట్యూబు ఒక పెద్ద పద్దు పుస్తకమే అందిస్తుంది. మన వీడియో బొమ్మ ఎన్నిసార్లు జనం కళ్లముందు పడింది, అలా పడినప్పుడు నూటికి ఎన్నిసార్లు నొక్కారు, నొక్కినవారు సగటున ఎన్ని నిమిషాలు ఉన్నారు, ఏ నిమిషంలో ఎక్కువమంది వెళ్లిపోయారు, ఏయే దేశాల నుండి చూశారు, మన ప్రేక్షకులు ఏ వేళలో ఫోను పట్టుకుంటారు, ఇవన్నీ అందులో ఉంటాయి. వీటిలో ఒక గీత ఉంటుంది. వీడియో మొదట్లో ఎత్తున మొదలై, చివరికి వచ్చేసరికి కిందికి దిగుతుంది. ప్రసంగం చేసిన గురువులు ఎవరైనా ఆ గీతను చూస్తే వినయం అలవడుతుంది. తాము ఎంతో ఇష్టపడి చెప్పిన ఉదాహరణ దగ్గరే సగంమంది లేచి వెళ్లిపోయారని అది మొహమాటం లేకుండా చెబుతుంది.

ఈ లెక్కలు వేదవాక్కులు కావని కూడా గుర్తుంచుకోవాలి. ఫేస్‌బుక్కు సంస్థ వీడియోలు చూసే సగటు సమయాన్ని రెండేళ్లపాటు ఉన్నదానికంటే ఎక్కువగా చూపించామని 2016లో ఒప్పుకుంది. 3 సెకన్లు దాటి చూసినవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుని సగటు కట్టడమే ఆ పొరపాటుకు కారణం. గుడి గుమ్మంలోకి తొంగిచూసి వెళ్లినవారిని వదిలేసి, కూర్చున్నవారిని మాత్రమే లెక్కించి, వచ్చినవారంతా ఇంతసేపు ఉన్నారని రిజిస్టరులో రాసినట్లయింది.

శ్రీసభ ఈ సాధనాలను తోసిపుచ్చలేదు. ద్వితీయ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న సమాచార సాధనాలపై ప్రత్యేకంగా ఒక పత్రాన్ని వెలువరించింది. 1967 నుండి ప్రతి ఏటా ప్రపంచ సమాచార సాధనాల దినాన్ని పాటిస్తున్నాం. 2023 మే 28న వాటికన్‌లోని సమాచార విభాగం సామాజిక మాధ్యమాలలో క్రైస్తవుడు ఎలా మెలగాలో వివరిస్తూ ఒక పత్రం ప్రకటించింది. దానికి మంచి సమరీయుని కథే ఆధారం. ప్రతి క్రైస్తవుడూ తన పరిధిలో ఇతరులపై ప్రభావం చూపేవాడేనని, అనుసరించేవారి సంఖ్య పెరిగేకొద్దీ బాధ్యత కూడా పెరుగుతుందని అది హెచ్చరించింది.

అంతకంటే ముందు ప్రభువు జీవితాన్ని చూడండి. ఫిలిప్పు కైసరయ ప్రాంతంలో ఆయన శిష్యులను అడిగిన మొదటి ప్రశ్న, ప్రజలు తనను గురించి ఏమనుకుంటున్నారని. వినేవారి మనసు తెలుసుకోవాలనుకోవడం తప్పయితే ప్రభువు ఆ ప్రశ్న అడిగేవారా? విత్తువాని ఉపమానంలో కూడా ఆయన నాలుగు రకాల నేలలను విడివిడిగా గమనించారు. ఎక్కడ విత్తనం పక్షులపాలైంది, ఎక్కడ మొలిచి మాడిపోయింది, ఎక్కడ ముళ్లు అణచివేశాయి, ఎక్కడ ఫలించిందని వేరువేరుగా చూపారు. వాక్యం ఎక్కడ ఆగిపోతున్నదో గమనించే కన్ను ఆయనకు ఉంది.

కనుక లెక్క చూడటంలో ఒక మేలు ఉంది. అది వినడం లాంటిది. ఒక విచారణ ఛానల్‌లో మొదటి రెండు నిమిషాల్లోనే చాలామంది వెళ్లిపోతున్నారనుకుందాం. వెళ్లి చూస్తే ఆ రెండు నిమిషాలూ తిరిగే అక్షరాలు, దాతల పేర్లు, చెవులు పగిలే సంగీతం. వాటిని తీసివేస్తే మంచం దిగలేని ఒక ముసలితల్లి సువార్త పఠనం దాకా ఉండగలుగుతుంది. మరొకచోట ప్రసంగం ఏడో నిమిషంలో గీత దిగిపోతున్నది. జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారు 2024 జూన్‌లో గురువులకు ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటవద్దని చెప్పారు. ఆ గీతను చూసి ప్రసంగాన్ని కుదించుకుంటే వాక్యానికి నష్టమేముంది?

ఇంకొక సంగతి. మన ఛానళ్ల లెక్కలలో దేశాల పేర్లు ఉంటాయి. కువైట్ పేరు కనిపిస్తే ఆగి ఆలోచించండి. కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి ఇళ్లలో పనికి వెళ్లిన మన ఆడపడుచులు అక్కడ ఎందరో ఉన్నారు. మన దగ్గర ఉదయం 6 గంటల పూజ మొదలయ్యేసరికి అక్కడ తెల్లవారుజామున మూడున్నర. అక్కడి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు, ఆదివారం పనిదినం. ఆ చెల్లెలు పని ముగించుకుని రాత్రి ఎప్పుడో ఫోను తెరుస్తుంది. ఆమె కోసం రాత్రివేళకు ఒక జపమాల, ఒక చిన్న వాక్య ధ్యానం సిద్ధం చేస్తే, ఆ లెక్క సేవగా మారింది. ఫోనులో చూసే పూజ దివ్యసత్ప్రసాదానికి సాటి రాదు, నిజమే. కాని గుడికి వెళ్లే వీలు లేని చోట తన భాషలో తన ఊరి పాట వినడం చిన్న ఊరట కాదు.

మరి ప్రమాదం ఎక్కడుంది?

సమూవేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయం చదవండి. దావీదు రాజు ప్రజలను లెక్కించమన్నాడు. సేనాధిపతి యోవాబు వద్దన్నాడు. రాజు వినలేదు. తొమ్మిది నెలల ఇరవై రోజులు దేశమంతా తిరిగి, కత్తి పట్టగలవారు ఇశ్రాయేలులో 8 లక్షలు, యూదాలో 5 లక్షలు అని తేల్చారు. లెక్క చేతికి వచ్చిన తర్వాత దావీదు గుండె కొట్టుకుంది. తాను ఘోర పాపం చేశానని దేవుని ముందు ఒప్పుకున్నాడు.

లెక్కించడమే పాపమా? కాదు. సంఖ్యాకాండం జనాభా లెక్కతోనే మొదలవుతుంది, ఆ లెక్కకు ఆజ్ఞ ఇచ్చింది దేవుడే. దావీదు చేసిన తప్పేమిటో గ్రంథం విడమరచి చెప్పదు. కాని అతడు ఎవరిని లెక్కించాడో చూడండి. కత్తి పట్టగలవారిని. విధవరాళ్లు ఎందరు, అనాథలు ఎందరు, ఆకలితో ఉన్నవారు ఎందరు అని ఆ లెక్క అడగలేదు. తన బలం ఎంతో తెలుసుకోవడానికి రాజు మనుషులను అంకెలుగా మార్చాడు. మన ఛానల్ ఇంత, పక్క విచారణ ఛానల్ అంత అని పోల్చుకునే ప్రతిసారీ మనమూ ఆ రాజు పక్కనే కూర్చుంటున్నాం.

రెండో ప్రమాదం ఇంకా లోతైనది. ఒక కొలతను లక్ష్యంగా పెట్టుకుంటే, కొన్నాళ్లకు ఆ కొలతే మనల్ని నడిపిస్తుంది. ఇది లోకం చూసిన అనుభవమే. జనం ఎన్నిసార్లు నొక్కారన్నదే ప్రధానంగా చూసినంతకాలం మోసపు బొమ్మలు పెట్టి ఆకర్షించేవారికి మేలు జరిగింది. అందుకే 2012లో యూట్యూబు ఎంతసేపు చూశారన్నదానికి ప్రాధాన్యం మార్చింది. ఫేస్‌బుక్కు 2017లో కోపం చూపే గుర్తుకు మామూలు లైకుకంటే ఐదు రెట్ల విలువ ఇచ్చింది. జనాన్ని మాట్లాడించాలన్నదే ఉద్దేశం. కాని కోపం పుట్టించే రాతలలో తప్పుడు వార్తలు, విషపు మాటలు ఎక్కువని ఆ సంస్థలోని పరిశోధకులే కనుగొన్నారు. 2020లో ఆ గుర్తు విలువను సున్నాకు తగ్గించారు. ఈ సంగతులు 2021లో బయటపడ్డాయి. అక్కడ కూర్చున్నవారెవరూ లోకంలో ద్వేషం నింపాలని అనుకుని ఉండరు. వారు ఒక అంకెను పెంచాలనుకున్నారు, అంతే.

ఇదే మన గుమ్మంలో జరిగితే? మామూలు ధ్యానానికి మూడువందల మంది వస్తారు. ఈ ప్రార్థన చేస్తే మూడు రోజుల్లో అప్పు తీరుతుందని బొమ్మ మీద రాస్తే మూడువేల మంది వస్తారు. లోకాంతం దగ్గరపడిందంటే ఇంకా ఎక్కువ. ఇతర మతస్థులను ఎగతాళి చేస్తే, తోటి గురువుల తగాదాను వీధిన పెడితే లెక్కే లేదు. మరి కట్నం పాపమని చెప్పే ప్రసంగం? కూలీల జీతం ఎగ్గొట్టవద్దనే ప్రసంగం? బల్లపూజ దగ్గర పక్కపక్కనే మోకరించి, పెండ్లి సంబంధం దగ్గర కులం అడిగే మన అలవాటును ప్రశ్నించే ప్రసంగం? గీత దిగిపోతుంది. అంకెను నమ్మేవాడు వచ్చే వారం ఆ మాట ఎత్తడు. ఎవరూ నోరు మూయించకుండానే అతని నోరు మూతపడుతుంది.

యోహాను సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు అయిదువేల మందికి రొట్టెలు పంచారు. మరునాడు ఆ జనమే ఆయనను వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చారు. అప్పుడు ఆయన తన శరీరమే నిజమైన ఆహారమని బోధించారు. అనేకులు ఆ మాట కఠినమని విడిచి వెళ్లిపోయారు. ఆ రోజు ఎవరైనా గీత గీసి ఉంటే అది నేలకు తగిలి ఉండేది. ప్రభువు మరో రొట్టెల అద్భుతం చేసి వారిని వెనక్కి పిలవలేదు. మీరూ వెళ్తారా అని పన్నెండుమందిని అడిగారు. మన దివ్యసత్ప్రసాద విశ్వాసం అంతా ఆ పడిపోయిన గీత అడుగున నిలబడినదే.

అయితే ఒక జాగ్రత్త. ప్రజలు వెళ్లిపోయినంత మాత్రాన మనం చెప్పింది సత్యం అయిపోదు. సిద్ధపడకుండా చేసిన ప్రసంగం విని లేచిపోయినవారిని సత్యాన్ని భరించలేనివారని నిందించడం కూడా గర్వమే. అందుకే ఏ వేళకు, ఎంతసేపు, ఎంత స్పష్టంగా అన్న సంగతులు లెక్కలు చెప్పవచ్చు. ఏ సత్యం చెప్పాలో మాత్రం లెక్కలు చెప్పకూడదు. ఈ హద్దు ఎప్పుడూ తేటగా కనిపించదు. ఆకట్టుకునే శీర్షిక ఎక్కడ అబద్ధంగా మారుతుందో ఒక్కోసారి తెలియదు. ఆ శీర్షిక చూసి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడితే అతని ముఖం చూసి మాట్లాడగలనా అని అడుగుకోండి. జవాబు దొరుకుతుంది.

ఇక కాపరి లెక్కకు వద్దాం. నూరు గొర్రెలున్న కాపరి సాయంత్రం లెక్కించకపోతే ఒకటి తప్పిపోయిందని ఎలా తెలుస్తుంది? అతడు కూడా లెక్కించాడు, అంకె అంకెగానే లెక్కించాడు. తొంభై తొమ్మిది అన్నది ఏ ఛానల్‌కైనా సంబరం చేసుకోదగ్గ ఫలితం. కాపరికి మాత్రం ఆ అంకె నిద్ర పట్టనివ్వలేదు. రాజు లెక్క సింహాసనం దగ్గర ముగిసింది. కాపరి లెక్క కొండదారి పట్టింది.

లెక్కలో కనిపించనివారూ ఉన్నారు. ఫోను లేనివారు, చెవులు వినిపించనివారు, పాట విని కన్నీరు పెట్టుకుని ఏ గుర్తూ నొక్కనివారు, ఒక వాక్యం విని పదేళ్లుగా మాట్లాడని తమ్ముని ఇంటి మెట్లెక్కినవారు. లిసియో మఠంలో పునీత తెరేసమ్మ 1897లో 24 ఏళ్లకే కన్నుమూసింది. మఠంలో చేరాక ఆ గోడలు దాటి సువార్త చెప్పింది లేదు. 1927లో శ్రీసభ ఆమెనే వేదప్రచారానికి పాలక పునీతురాలిగా ప్రకటించింది. ఆమె బతికున్ననాటి లెక్క ఎవరు వేయగలిగారు?

కనుక యువకులారా, లెక్కలు చూడండి. గంటకొకసారి చూడకండి, నెలకొకసారి చాలు. ఒంటరిగా చూడకండి. విచారణ గురువులను, ఒక సిస్టర్‌గారిని, ఉపదేశిగారిని, వీడియోలు చూసే ఒక ముసలామెను దగ్గర కూర్చోబెట్టుకుని చూడండి. ఎంతమంది పెరిగారన్న ప్రశ్న తర్వాత మరో రెండు అడగండి. మన మాట వల్ల ఎవరికైనా గాయమైందా? నిన్నటిదాకా వచ్చి ఈ రోజు రానివారు ఎవరు? గురువులారా, తక్కువమంది చూసిన ప్రసంగాన్ని బట్టి మీ పిల్లలను మందలించకండి, ఎక్కువమంది చూసినదాన్ని బట్టి పొగడకండి.

రానివారి పేర్లు రెండో మూడో గుర్తుకొస్తే, ఫోను పక్కన పెట్టి ఆ సాయంత్రమే వారి ఇంటికి వెళ్లిరండి.