భుజం మీద శూన్యం

జపాన్‌లో పార్కింగ్ స్థలాల ముందు రాత్రిళ్ళు ఒక అక్షరం ఆకుపచ్చగా వెలుగుతుంటుంది. ఖాళీ ఉంది, బండి పెట్టుకోవచ్చు అని. నిండిపోతే అది ఆరిపోయి ఎర్రగా ఇంకో అక్షరం వెలుగుతుంది. మనిషి ఎక్కని టాక్సీ అద్దం వెనకా అదే, ‘బండి’ అనే అక్షరాన్ని పక్కన పెట్టుకుని. మా అక్క కొడుకు భుజం మీద పచ్చబొట్టుగా పొడిపించుకుంటానంటున్నది సరిగ్గా దాన్నే. ‘పిన్నీ, దానర్థం శూన్యతేగా? నాగార్జునుడి శూన్యత?’ అన్నాడు. హైదరాబాద్‌లో జపనీస్ పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి ఇలాంటివి నా దాకా వస్తుంటాయి. అవునన్నాను.

అబద్ధం కాదు మరి. 5వ శతాబ్దం మొదట్లో చాంగాన్ నగరంలో కుమారజీవుడు నాగార్జునుడి మధ్యమక కారికల్ని చైనీస్‌లోకి తెచ్చినప్పుడు శూన్యానికి వాడింది ఈ అక్షరమే. కృష్ణ ఒడ్డున మనం కొండకీ ఆనకట్టకీ పేరు పెట్టుకున్న ఆచార్యుణ్ణి జపాన్‌లో ‘ర్యూజు’ అంటారు. జోదో షిన్షూ అనే బౌద్ధ శాఖవాళ్ళు తమ ఏడుగురు గురువుల్లో మొదటివాడిగా కొలుస్తారు. తెలుగు కుర్రాడికి ఆ అక్షరంతో ఏం పని అని నేనెలా అడుగుతాను?

చిక్కల్లా ఏమిటంటే, ఒంటరిగా నిలబెడితే అది ఆ మాట చెప్పదు. పక్కన ‘చెయ్యి’ వస్తే కరాతే. ‘రేవు’ వస్తే విమానాశ్రయం. కడుపు సంగతి మాట్లాడుతుంటే ఆకలేస్తోందని. పక్కన ఎవరూ లేకపోతే సగటు జపాన్ మనిషి ‘సొరా’ అని చదువుతాడు, అంటే ఆకాశం. కరాతేలో కూడా అది పుట్టుకతో లేదు. ఒకినావాలో ‘చైనా చెయ్యి’ అని రాసేవారు. 1936లో అక్కడి గురువులు నాహాలో కూర్చుని ‘ఖాళీ చెయ్యి’ అని రాద్దామన్నారు. పలకడం అదే, రాత మారింది.

నాగార్జునుడు చెప్పిందీ ఇదే కదా. దేనికీ తనదంటూ స్వభావం లేదు, ప్రతిదీ ఇంకోదాన్ని ఆసరా చేసుకునే ఉంది, ఆ ఆసరా పేరే శూన్యత అన్నాడు. పార్కింగ్ బోర్డు మీద ఒకటై, గ్రంథంలో ఇంకొకటై, ఆకలి దగ్గర మరొకటయ్యే ఆ అక్షరమే ఆయన మాటకి సాక్ష్యం. దాన్ని వాక్యంలోంచి పెరికి భుజం మీద పాతేసి ‘దీనర్థం ఇదే, ఎప్పటికీ ఇదే’ అంటే ఆయన కాదన్న స్వభావాన్ని మనం అంటగట్టినట్టే. శూన్యతనే సిద్ధాంతంగా పట్టుకు వేలాడేవాళ్ళకి మందు లేదని కూడా ఆయనే అన్నాడు.

మావాడు ఊరుకుంటాడా? ‘నువ్వు శనివారం శనివారం విష్ణు సహస్రనామం చదువుతావు. వెయ్యి పేర్లకీ అర్థం తెలుసా?’ అన్నాడు. తెలియదు. జపాన్‌లో బౌద్ధుల హృదయ సూత్రం గడగడా అప్పజెప్పేవాళ్ళలోనూ చాలామందికి తెలియదు. దాని చివరి మంత్రాన్నయితే అనువదించకుండా సంస్కృత ధ్వనిగానే వదిలేశారు. అంతెందుకు, మా అమ్మమ్మ మోచేతి కింద ‘రామ’ అని పచ్చబొట్టు ఉండేది. ఆవిడ బడికి పోలేదు, ఒక్క అక్షరం రాదు. పోయేటప్పుడు వెంట వచ్చేది ఇదొక్కటే అనేది. చదవలేదు కాబట్టి ఆ రెండక్షరాలూ ఆవిడవి కావని నేననగలనా?

అనలేను. అయితే ఇక్కడ నాకు హోయిచి గుర్తొస్తాడు. లాఫ్కాడియో హెర్న్ 1904లో అచ్చువేసిన ‘క్వైదాన్’లో ఉంది ఆ కథ. హోయిచికి చూపు లేదు. బివా వాయిస్తూ హెయికె వంశం యుద్ధగాథ పాడతాడు. ఆ వంశం దయ్యాలు అతన్ని పట్టుకుపోకుండా గుడి పెద్ద, శిష్యుడు కలిసి ఒంటినిండా హృదయ సూత్రం రాశారు. తన ఒంటి మీద ఏం రాశారో హోయిచి చదువుకోలేడు. అయినా రక్ష పనిచేసింది, రాయడం మరిచిన చెవుల దగ్గర తప్ప. వాటిని దయ్యం పీక్కుపోయింది. చదవలేకపోవడం వల్ల అతనికి ముప్పు రాలేదు. రాసినవాళ్ళ మరుపు వల్ల వచ్చింది.

అమ్మమ్మ చేతికి ఊరు కాపలా ఉంది. ‘రామ’లో దీర్ఘం తప్పితే నూతి దగ్గర ఎవరో ఒకరు ఆ పూటే చెప్పేవారు. మావాడికి ఆ ఊరేది? పొడిచే కుర్రాడికి అది బొమ్మ మాత్రమే. ఎనిమిది గీతలు: పైన ‘కన్నం’, కింద ‘పనితనం’. కింది ముక్క కాస్త వంకరపోయి ‘పెద్ద’ అనే ఆకారంలోకి దిగిందా, గీతలు అప్పటికీ ఎనిమిదే, అర్థం మాత్రం ‘పొడవడం’. (పచ్చబొట్టుకి అంతకన్నా తగిన అక్షరం దొరకదనుకోండి.)

వద్దని నేను వాడికీ చెప్పలేదు, మీకూ చెప్పను. కానీ ముందు ఆ ఎనిమిది గీతలూ వరసలో మీ చేత్తో రాయడం నేర్చుకోండి. చదవగలిగినవాళ్ళకి చూపించి, పక్కన ఇంకో అక్షరం ఉండాలా అని అడగండి. పొడిచేరోజు వీలైతే వాళ్ళని వెంటబెట్టుకెళ్ళండి. జపాన్ ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకి ఇంకో మాట: ఎడో కాలంలో దొంగలకి శిక్షగా పచ్చబొట్టు పొడిచేవారు, తర్వాత అది యాకుజా ముఠాల గుర్తయింది. అందుకే అక్కడ చాలా వేడినీటి స్నానశాలల్లో ఇప్పటికీ పచ్చబొట్టు ఉన్నవాళ్ళని నీళ్ళలోకి దిగనివ్వరు, రాసింది నాగార్జునుడి మాటే అయినా సరే.