చల్లారితే మళ్లీ వేడి చేయాలి

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్కగాజులు చూసే ఉంటారు. వేడి లక్కలో రాళ్లను ఒక్కొక్కటిగా పొదుగుతారు. లక్క చల్లారితే రాయి దిగదు. అలాగని పనివారు దాన్ని పారేయరు. మళ్లీ వేడి చేస్తారు.

పరిశోధన చేసే పిల్లలకు ఈ మాట చెప్పాలనిపించింది. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఉత్సాహం ఉరకలేస్తుంది. తర్వాత అధ్యాయం కదలదు. ఫెలోషిప్ ఆలస్యమవుతుంది. ఇంట్లో "ఇంకా ఎన్నాళ్లురా ఈ చదువు?" అంటారు. థీసిస్ కన్నా ఆ మాటే బరువు! అప్పుడు పోయింది తెలివి కాదు, వేడి. చల్లారితే మళ్లీ వేడి చేయాలి.

ఆ నిప్పు ఒంటరి గదిలో దొరకదు. మూసీ ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో అసఫియా పేరుతో మొదలైంది. అక్కడ పక్క కుర్చీలో ఎవరో తలవంచుకుని చదువుతుంటారు. వారిని చూస్తే మన పేజీ కూడా తిరుగుతుంది. బయట చాయ్ తాగుతూ మీ అంశం గురించి తోటివారికి చెప్పండి. చెబుతుండగానే మీకే కొత్త ప్రశ్న తడుతుంది.

గైడుకు మాత్రం మొహం చాటేయకండి. రాసింది రెండు పేజీలే అయినా సరే, ఈ వారమే తీసుకెళ్లి చూపించండి.